ఆక్సిజన్ మీటరుకు అందని ప్రమాదం: పనిచోట కార్బన్ డయాక్సైడ్ నుంచి కాపాడుకునే విధానం

మొలాసిస్ (చక్కెర తయారీలో మిగిలే చిక్కని పాకం) పులియబెట్టిన తొట్టిని కడగడానికి మనిషి దిగబోయే ముందు నాలుగు వాయువుల మీటరును తాడుకు కట్టి లోపలికి దించి, ఆక్సిజన్ 19.5 శాతానికి పైనే ఉందని, మండే వాయువులు, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ లేవని చూసుకొని పర్మిట్ మీద సంతకం చేయడం చాలా కర్మాగారాలలో స్థిరపడిన పద్ధతి. ఆ మీటరుకు కార్బన్ డయాక్సైడ్ కనిపించదు. ఆ నాలుగింటిలో దాన్ని కొలిచే సెన్సర్ లేదు.

కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఆక్సిజన్ తగ్గుతుంది కదా, ఆక్సిజన్ అలారమే హెచ్చరిస్తుంది కదా అని సూపర్‌వైజర్లు తరచుగా అడుగుతారు. లెక్క వేసి చూస్తే ఆ నమ్మకం ఎంత బలహీనమైనదో తెలుస్తుంది. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుంది. బయటి నుంచి చేరిన కార్బన్ డయాక్సైడ్ గాలిని పక్కకు నెట్టి ఆక్సిజన్‌ను 19.5 శాతానికి దించాలంటే ఆ చోట అది సుమారు 6.7 శాతం, అంటే 67,000 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 67,000 భాగాలు) వరకు చేరి ఉండాలి. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ ప్రాణానికి తక్షణ ప్రమాదంగా ప్రకటించిన స్థాయి 40,000 పీపీఎం. ఆక్సిజన్ అలారం మోగే సమయానికి ఆ గీతను ఎప్పుడో దాటేసి ఉంటాం. ఈ వ్యాసంలోని జాగ్రత్తలన్నిటికీ ఈ లెక్కే ఆధారం.

శరీరంలో జరిగేది

కార్బన్ డయాక్సైడ్ కేవలం ఆక్సిజన్‌కు చోటు లేకుండా చేసే వాయువు అనే భావన పాఠ్యపుస్తకాల నుంచి వచ్చి అలాగే ఉండిపోయింది. నైట్రోజన్ విషయంలో ఆ మాట సరిపోతుంది గానీ దీని విషయంలో సరిపోదు. ఆక్సిజన్ సరిపడా ఉన్నా ఇది తనంతట తానే హాని చేయగలదు.

మనం బయటికి వదిలే ఊపిరిలో ఈ వాయువు దాదాపు 4 శాతం ఉంటుంది. పీల్చే గాలిలో అది 0.04 శాతమే కాబట్టి రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ ఊపిరితిత్తుల ద్వారా సులభంగా బయటపడుతుంది. పీల్చే గాలిలోనే 4, 5 శాతం ఉన్నప్పుడు ఆ దారి మూసుకుపోయినట్లే. వాయువు రక్తంలో పేరుకొని కార్బానిక్ ఆమ్లంగా మారి రక్తపు ఆమ్లత్వాన్ని పెంచుతుంది. మెదడులోని శ్వాస కేంద్రం ఆ మార్పును వెంటనే గుర్తించి ఊపిరి వేగాన్ని పెంచుతుంది. అలా వేగంగా పీల్చిన ప్రతి ఊపిరితోనూ అదే గాలి మళ్లీ లోపలికి వస్తుంది. మెదడులోని రక్తనాళాలు వ్యాకోచించడం వల్ల తల పగిలిపోతున్నట్లు నొప్పి పుడుతుంది.

1 శాతం దగ్గర కొందరికి మగతగా ఉంటుంది, ఊపిరి కాస్త లోతుగా సాగుతుంది. పనిలో పడిన మనిషి దాన్ని ఎండ వల్లనో అలసట వల్లనో అనుకుంటాడు. 3 శాతం దగ్గర ఆయాసం, తలనొప్పి స్పష్టంగా తెలుస్తాయి. 5 శాతం దగ్గర చెమటలు పట్టి, తల తిరిగి, ఆలోచన మందగిస్తుంది. 7 నుంచి 10 శాతం మధ్య కొద్ది నిమిషాల నుంచి గంట లోపల స్పృహ తప్పవచ్చు. 10 శాతం దాటితే మూర్ఛలు, ఆ తరువాత మరణం సంభవించవచ్చు. 17 శాతానికి పైన ఉన్న గాలిలో ఒక్క నిమిషం లోపే మనిషి కూలిపోతాడు కనుక నిచ్చెన మెట్లు వెనక్కి ఎక్కే వ్యవధి కూడా ఉండదు. బరువులు మోస్తూ, గడ్డపారతో తవ్వుతూ ఉన్నవారు ఎక్కువ గాలి పీలుస్తారు కాబట్టి వారికి ఇవన్నీ ఇంకా ముందే జరుగుతాయి. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారిని ఇటువంటి చోట్లకు పంపకపోవడమే మంచిది.

ఈ వాయువుకు వాసన లేదనడం పూర్తిగా నిజం కాదు. గాఢత బాగా ఎక్కువైనప్పుడు ముక్కులోని, నోటిలోని తడిలో కరిగి పుల్లగా, చురుక్కుమన్నట్లుగా తెలుస్తుంది. గోలీసోడా తాగి తేన్చినప్పుడు ముక్కులో కలిగే మంట అటువంటిదే. అయితే ఆ మంట తెలిసేసరికే ప్రమాదకర స్థాయిలో ఉంటాం కాబట్టి దాన్ని బయటికి పరుగెత్తమనే ఆజ్ఞగా తీసుకోవాలే తప్ప పరీక్షగా వాడుకోకూడదు.

ఎక్కడ పోగవుతుంది

కార్బన్ డయాక్సైడ్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువైనది. గాలి కదలిక లేని చోట, ముఖ్యంగా చల్లగా ఉన్నప్పుడు, నీళ్లలాగే పల్లానికి జారి నిలుస్తుంది. 1986 ఆగస్టు 21న కామెరూన్‌లోని న్యోస్ సరస్సు నుంచి ఒక్కసారిగా వెలువడిన ఈ వాయువు లోయల వెంట కిలోమీటర్ల దూరం పారి దాదాపు 1,700 మందిని బలిగొన్నది. కర్మాగారంలోని గుంట, బేస్‌మెంట్, కేబుల్ కాలువ, మెట్ల కింది స్టోర్ గది ఆ లోయలకు చిన్న రూపాలు. అందుకే మీ ఆవరణలో నేలమట్టానికి దిగువన ఉన్న ప్రతి చోటునూ ముందుగా గుర్తించి పెట్టుకోవాలి.

పులియబెట్టే పని జరిగే చోట్లు అన్నిటి కంటే ముఖ్యమైనవి. ఒక కిలో చక్కెర పూర్తిగా పులిస్తే దాదాపు అర కిలో కార్బన్ డయాక్సైడ్, అంటే 250 లీటర్లకు పైగా వాయువు పుడుతుంది. డిస్టిలరీలు, బీరు కర్మాగారాలు, మొక్కజొన్న, నూకల నుంచి ఇథనాల్ తీసే ప్లాంట్లు అన్నీ ఈ కోవలోకే వస్తాయి. తొట్టి ఖాళీ చేశాక కూడా అడుగున మిగిలిన మడ్డిలో వాయువు కరిగి ఉంటుంది. దాన్ని పారతో కదిలించినప్పుడల్లా మళ్లీ బయటికి వస్తుంది. ఉదయం కొలిచిన రీడింగు మధ్యాహ్నానికి పనికిరాకపోవడానికి ఇది ప్రధాన కారణం.

డ్రై ఐస్ సంగతి వేరు. అది మైనస్ 78.5 డిగ్రీల వద్ద ఉండే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడే. కరిగి నీరుగా మారదు, నేరుగా వాయువైపోతుంది. కిలోకు 500 లీటర్లకు పైగా వస్తుంది. మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు ఉన్న చల్లని గదిలో తలుపు మూసి ఉంచితే, కిలో డ్రై ఐస్ ఆవిరైనా గాలిలో 20,000 పీపీఎం దాటుతుంది. టీకాలు, ఐస్‌క్రీమ్, రొయ్యల నమూనాలు రవాణా చేసేవారు డ్రై ఐస్ పెట్టెలను డ్రైవరు కూర్చున్న భాగంలో, ఏసీ లోపలి గాలినే తిప్పే స్థితిలో ఉంచి ప్రయాణించకూడదు. మనుషులు ఎక్కిన లిఫ్టులో తీసుకెళ్లకూడదు. గాలి బయటికి పోకుండా బిగుతుగా మూసే డబ్బాలో పెడితే ఒత్తిడి పెరిగి అది పేలిపోవచ్చు. చేతులకు మందపాటి పొడి చేతొడుగులు తప్పనిసరి.

శీతల పానీయాల యంత్రాలున్న సినిమా హాళ్లు, హోటళ్లలో సిలిండర్లు తరచుగా కిటికీ లేని మూల గదిలో ఉంటాయి. లోపల ద్రవం ఉన్నంతసేపు సిలిండరు గేజ్ దాదాపు ఒకే ఒత్తిడి చూపిస్తుంది కాబట్టి లీకు జరుగుతున్నా గేజ్ చూసి తెలుసుకోలేం. వారానికోసారి తూకం వేసి రాసుకోవడమే దారి. వాడకానికి మించి బరువు తగ్గుతుంటే గొట్టాలు, బిగింపులు సబ్బునీటితో పరీక్షించాలి.

సింగరేణి వంటి భూగర్భ బొగ్గు గనులలో వదిలేసిన పాత పనిచోట్లలో బొగ్గు నెమ్మదిగా ఆక్సీకరణం చెందుతూ ఆక్సిజన్‌ను తినేసి కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. గాలిలో ఆక్సిజన్ 19 శాతానికి తగ్గకూడదని, కార్బన్ డయాక్సైడ్ 0.5 శాతం దాటకూడదని మన బొగ్గు గనుల నిబంధనలు రెండు వేరువేరు పరిమితులుగా పెట్టడం గమనించదగినది. ఒకటి చూస్తే రెండవది చూసినట్లే అనుకోలేదన్నమాట. జొన్నలు దాచిన పాతర మూత తీయగానే దిగవద్దని పల్లెల్లో పెద్దలు చెప్పిన మాటలోని కారణం కూడా ఇదే. గింజ ఊపిరి తీసుకుంటుంది, తడిసిన గింజ మరీ ఎక్కువగా తీసుకుంటుంది.

ఏసీ ఆఫీసు గదుల్లో 1,000, 1,500 పీపీఎం కనిపించిందని కంగారు పడేవారున్నారు. అది విషప్రభావం కాదు; బయటి గాలి చాలడం లేదనడానికి గుర్తు. తాజా గాలి వచ్చే ఏర్పాటు చేసుకుంటే చాలు.

కొలవడం

పనిచోట ఎనిమిది గంటల సగటు 5,000 పీపీఎం మించకూడదన్నది అమెరికాలో పనిచోట భద్రతను పర్యవేక్షించే ఓషా, ముందు చెప్పుకున్న నియోష్ రెండూ పాటించే పరిమితి. పదిహేను నిమిషాల స్వల్పకాల పరిమితిగా నియోష్ 30,000 పీపీఎంను సూచించింది. అలారం ఉన్న మీటరులో మొదటి అలారాన్ని 5,000 వద్ద, రెండవదాన్ని 30,000 వద్ద పెట్టుకోవడం సాధారణ పద్ధతి. నా సలహా మాత్రం, ట్యాంకుల్లోకి దిగే పనికి మొదటి అలారం మోగగానే బయటికి రావాలనే నియమం పెట్టుకోండి. రెండవది మోగే దాకా ఆగితే నిర్ణయం తీసుకోవలసిన మెదడే మందగించి ఉంటుంది.

కొనేటప్పుడు పరారుణ కిరణాలతో కొలిచే సెన్సర్ ఉన్నదే తీసుకోవాలి. మండే వాయువులను పట్టే సెన్సర్ దీన్ని గుర్తించలేదు, ఎందుకంటే ఈ వాయువు మండదు. ఆఫీసు గాలి నాణ్యత చూపే చవక మీటర్లు చాలావరకు 5,000 పీపీఎంతోనే ఆగిపోతాయి. పెట్టె మీద ఎంతవరకు కొలుస్తుందో చదవకుండా కర్మాగారానికి కొనకూడదు. గోడకు బిగించే మీటరును తలెత్తి చూసే ఎత్తులో కాక, నేల నుంచి అడుగు, అడుగున్నర ఎత్తులో పెట్టాలి. దాని రీడింగు, అలారం దీపం మాత్రం తలుపు బయట కనిపించాలి. లోపలికి వెళ్లి చూస్తే గానీ తెలియని అలారం వల్ల ప్రయోజనం లేదు.

బావుల్లోకి, పాతరల్లోకి దీపం దించి చూసే అలవాటు గురించి ఇక్కడే చెప్పాలి. ఆ తరం వారి చేతిలో ఉన్న ఏకైక సాధనం అది, దాని వల్ల ప్రాణాలు దక్కినవారు ఉన్నారు. కానీ దీపం ఆరిపోయేంత కార్బన్ డయాక్సైడ్ మనిషిని పడగొట్టే స్థాయి కంటే ఎంతో ఎక్కువ. దీపం నిబ్బరంగా వెలుగుతున్న గాలిలోనే మనిషి స్పృహ తప్పవచ్చు. మురుగు గుంటల్లోనూ, సారాయి ఆవిర్లున్న తొట్టెల్లోనూ మంట దించడం ప్రాణాంతకం. ఆ పద్ధతిని గౌరవంగా పక్కన పెట్టాలి.

లోపలికి దిగే ముందు

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ ఈ విషయంలో ఎంతో స్పష్టంగా ఉండేది. ప్రమాదకర వాయువులు ఉండే ఛాంబరులోకి, ట్యాంకులోకి, గుంటలోకి మనిషిని పంపాలంటే సమర్థుడైన వ్యక్తి స్వయంగా పరీక్షించి రాతపూర్వకంగా ధ్రువీకరించాలి. లేదా దిగే మనిషి తగిన శ్వాస పరికరం ధరించి, నడుముకు బెల్టు బిగించుకొని, ఆ బెల్టుకు కట్టిన తాడు రెండవ కొస బయట నిలబడినవారి చేతిలో ఉండాలి. చట్టాలు మారినా ఈ క్రమం మారనవసరం లేదు.

మొదట వాయువు వచ్చే దారులన్నీ మూయాలి. వాల్వు తిప్పి ఊరుకోవడం చాలదు. పైపు విప్పి దాని మూతికి మూత ఫ్లాంజ్ (రంధ్రం లేని లోహపు బిళ్ల) బిగించాలి, తాళం వేసి తాళంచెవి దిగే మనిషి దగ్గరే ఉంచాలి. పక్క తొట్టితో కలిసిన పైపులను మరచిపోవడం తరచుగా జరిగే పొరపాటు. తరువాత బ్లోయర్ గొట్టాన్ని తొట్టి అడుగు దాకా దించి తాజా గాలి పంపాలి. గొట్టం మ్యాన్‌హోల్ మూతి దగ్గరే ఆగిపోతే పైపైన గాలి తిరుగుతుంది, అడుగున వాయువు కదలకుండా అలాగే ఉంటుంది. బ్లోయర్ గాలి తీసుకునే చోటుకు దగ్గరలో డీజిల్ జనరేటర్ పొగ గానీ, మరో తొట్టి నుంచి వెలువడే వాయువు గానీ ఉండకూడదు. తొందరపడి ఆక్సిజన్ సిలిండరు తెరిచి లోపలికి వదిలే పని ఎన్నడూ చేయకూడదు. ఆక్సిజన్ ఎక్కువైన చోట బట్టలు సైతం నిప్పురవ్వకే భగ్గుమంటాయి.

గాలి ఆడించాక మీటరును తాడుతో దించి పైన, మధ్యన, అడుగున మూడు చోట్ల కొలవాలి, ప్రతి చోటా రీడింగు నిలకడగా వచ్చేదాకా ఆగాలి. కార్బన్ డయాక్సైడ్ 5,000 పీపీఎం లోపు, ఆక్సిజన్ 19.5 శాతానికి పైన ఉంటేనే పర్మిట్ రాయాలి, రెండు అంకెలూ అందులో వేరువేరుగా రాయాలి. మనిషి లోపల ఉన్నంతసేపు బ్లోయర్ ఆగకూడదు, మీటరు అతని ఛాతీ దగ్గర వేలాడుతూ ఉండాలి. మధ్యాహ్న భోజనానికి పైకి వచ్చి మళ్లీ దిగితే కొలత మళ్లీ మొదటి నుంచి.

మ్యాన్‌హోల్ దగ్గర నిలబడే మనిషికి మరో పని అప్పగించకూడదు. లోపలివారితో మాట్లాడుతూ ఉండడం, హార్నెస్‌కు (దిగిన మనిషి ఒంటికి బిగించిన పట్టీలకు) కట్టిన తాడును, ట్రైపాడ్ మీది చక్రాన్ని సిద్ధంగా ఉంచుకోవడం మాత్రమే అతని పని. లోపలి మనిషి జవాబు తడబడినా, ఆలస్యమైనా, తలనొప్పి అన్నా, నవ్వులాటకు అన్నాడేమో అనుకోకుండా పైకి లాగాలి.

ముసుగుల గురించి ఒక మాట. గుడ్డ మాస్కు, ఎన్95, రసాయనాల కోసం వాడే డబ్బా ఫిల్టరు ముసుగు, ఇవేవీ కార్బన్ డయాక్సైడ్‌ను ఆపవు. వీపుకు తగిలించుకునే గాలి సిలిండరుతో కూడిన శ్వాస పరికరం గానీ, బయటి నుంచి శుభ్రమైన గాలిని గొట్టం ద్వారా ఇచ్చే పరికరం గానీ మాత్రమే పనిచేస్తుంది.

బీరు, ఇథనాల్ ప్లాంట్ల వారికి మరొక హెచ్చరిక. వాయువు నిండి ఉన్న మూసిన తొట్టిలోకి కాస్టిక్ సోడా ద్రావణం చిమ్మి కడిగితే, ఆ ద్రావణం కార్బన్ డయాక్సైడ్‌ను చకచకా పీల్చేసుకొని లోపల శూన్యం ఏర్పడి, ఉక్కు తొట్టి కూడా లోపలికి నొక్కుకుపోవచ్చు. ముందు గాలి ఆడించి, తరువాతే కాస్టిక్ వాడాలి.

మంటలార్పే వ్యవస్థ ఉన్న గదులు

ట్రాన్స్‌ఫార్మర్, జనరేటర్, స్విచ్‌గేర్ గదుల్లో మంట పుడితే గది మొత్తాన్ని కార్బన్ డయాక్సైడ్‌తో నింపే వ్యవస్థలు ఉంటాయి. మంట ఆరడానికి అవి గదిలో 34 శాతానికి తగ్గకుండా వాయువు నింపేలా తయారవుతాయి. అంటే మంట ఆరే గాలిలో మనిషి బతకడు. 1998 జులై 28న అమెరికాలోని ఐడహో జాతీయ ప్రయోగశాలలో విద్యుత్ మరమ్మతు జరుగుతుండగా ఇటువంటి వ్యవస్థ హెచ్చరిక కూత లేకుండానే వాయువును వదిలింది. ఒకరు మరణించారు, అనేకులు ఆసుపత్రి పాలయ్యారు. వ్యవస్థను కంట్రోల్ ప్యానెల్ ద్వారా నిలిపివేశారు గానీ వాయువు వచ్చే దారికి భౌతికంగా తాళం వేయలేదు. ఆ గదిలోకి ఎవరు వెళ్లినా, బల్బు మార్చే చిన్న పనికైనా సరే, సిలిండర్ల వైపున ఉన్న వాల్వును చేత్తో మూసి తాళం వేసి, పని పూర్తయ్యాక అందరినీ లెక్కపెట్టుకొని తెరవాలి.

చేతితో వాడే 4.5 కిలోల సిలిండరును కూడా తేలికగా తీసుకోవద్దు. మూడు మీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో తలుపు మూసి దాన్ని పూర్తిగా ఖాళీ చేస్తే వాయువు 8 శాతం దాకా చేరుతుంది. తలుపు దగ్గర నిలబడి వాడాలి, వాడగానే బయటికి రావాలి, గాలి ఆడించకుండా మళ్లీ వెళ్లకూడదు.

ఎవరైనా పడిపోతే

లోపల తోటివాడు పడి ఉంటే నిచ్చెన మీద కాలు పెట్టకుండా ఆగడం మనిషికి అన్నిటికన్నా కష్టమైన పని. ఇరుకు చోట్లలో జరిగే మరణాలలో 60 శాతానికి పైగా రక్షించబోయినవారివేనని నియోష్ 1986లో హెచ్చరించింది. పాత బావుల్లో ఒకరి వెనుక ఒకరు దిగి అన్నదమ్ములు ఇద్దరూ పోయిన వార్తలు మన పత్రికల్లో చదివినప్పుడు వాటి వెనుక ఉన్నది ఇదే. అందువల్ల ఈ భాగాన్ని కాగితం మీద చదివించి వదిలేయకుండా, ఖాళీ తొట్టి దగ్గర బొమ్మతోనో ఇసుక బస్తాతోనో సాధన చేయించాలి.

గట్టిగా కేక వేసి అందరినీ దూరంగా ఉంచి, 108కి, 101కి ఫోన్ చేయించి, బయటి నుంచే తాడుతో లాగాలి. బ్లోయర్ ఆగి ఉంటే నడిపించాలి. శ్వాస పరికరం ధరించి, దాన్ని వాడడం నేర్చుకున్న మనిషి తప్ప ఎవరూ దిగకూడదు. బయటికి తెచ్చినవారిని ఆ పల్లానికి దూరంగా, గాలి బాగా తగిలే చోట పడుకోబెట్టాలి. ఊపిరి లేకపోతే వెంటనే సీపీఆర్ మొదలుపెట్టి అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు. ఊపిరి ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఆక్సిజన్ ఇవ్వగల శిక్షణ పొందినవారుంటే ఇవ్వాలి.

తేరుకొని లేచి కూర్చున్నా ఆసుపత్రికి పంపడం మానకూడదు. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటరు 97, 98 చూపించిందని ధైర్యపడవద్దు. మొదట చెప్పుకున్న ట్యాంకు మీటరులాగే అది కూడా ఆక్సిజన్‌నే చూస్తుంది, రక్తంలో పేరుకున్న కార్బన్ డయాక్సైడ్‌ను చూడదు. అది ధమని రక్తంలోని వాయువుల పరీక్షలోనే తెలుస్తుంది. మనిషి ఎంతసేపు లోపల ఉన్నాడో, మీటరు ఎంత చూపిందో, ఏ తొట్టిలో ఏముందో చీటీ మీద రాసి అంబులెన్సుతో పాటే పంపాలి. ఆ చీటీలో కార్బన్ డయాక్సైడ్ అని పూర్తి పేరు రాయాలి. హడావుడిలో నోటి మాటగా చెబితే అది కార్బన్ మోనాక్సైడ్‌గా మారిపోతుంది, దానికి చేసే పరీక్షా, వైద్యమూ వేరు.